ఎవరి పెరటి సంగతి వాళ్ళే

మా ఆయనకు ప్రశ్నలు అడగడం నేర్పినవాళ్ళెవరో గానీ, నా కంటబడితే ఒక పూట కడుపునిండా భోజనం పెట్టి మరీ తిడతాను. అంతకుముందు ఎమరీ పెల్కీ మామూలు మనిషి. "ఏం వండావు?" అని అడిగేవాడు, చెప్పేదాన్ని, పెట్టింది తినేవాడు. పట్టణ ప్రణాళికా సంఘం సభ్యులకు శిక్షణ అంటే రాజధానికి వెళ్ళాడు. వచ్చిన మర్నాడే ఫ్రిజ్ తలుపుకు పెద్ద తెల్ల కాగితం అంటించి, దాని మీద "భోజనం గురించి మన ఉమ్మడి ఆకాంక్షలు" అని రాశాడు. నేను కింద "ఎవరైనా గిన్నెలు కడగాలి" అని రాశాను. నవ్వుతాడనుకున్నాను. "చాలా విలువైన సూచన, నోరీన్. దీన్ని 'తర్వాత చూద్దాం' కాగితంలోకి మార్చనా?" అన్నాడు. గిన్నెలు ఇంకా ఆ కాగితంలోనే ఉన్నాయి.

ఈ జబ్బు ఊరికే రాలేదు. మేముండేది టానరీ వీధిలో. టిల్డన్ ఫాల్స్ ఊరంతా మెల్లగా కొండ మీదికి ఎగబాకిపోతే, మా వీధి ఒక్కటే నది పక్కన కూర్చుండిపోయింది. మొన్నటి జులై కాక అంతకుముందు జులైలో వరద వచ్చి మా కింది అంతస్తులన్నీ బురదతో నింపి పోయింది. ఆ తర్వాత రాష్ట్రప్రభుత్వం మా ఊరికి కొంత డబ్బిచ్చి, కొత్త ప్రణాళిక తయారుచేసుకోమంది. ఏ వరద వచ్చినా తట్టుకుని, మనవల మనవల కాలందాకా నిలిచే ఊరు ఎలా ఉండాలో రాయాలట. అదీ జనాన్ని అడిగి రాయాలట. జనాన్ని కూర్చోబెట్టి చెప్పించే పని ఎమరీ నెత్తికెత్తుకున్నాడు. దానికి జీతం లేదు. ఇంట్లో శాంతి కూడా లేదు.

ఎమరీ పని ఫర్నేసులు బాగుచేయడం. అందువల్ల కొండమీదివాళ్ళ ఇళ్ళూ మా వీధివాళ్ళ ఇళ్ళూ అతనికి ఒకేలా తలుపు తీస్తాయి. చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టేవాణ్ణి ఎవరూ అనుమానించరు. ఆ నమ్మకాన్నే మూటగట్టుకుని వీధిలో గడపగడపకూ తిరిగాడు.

"ఇంతకాలం ప్లాన్లు కొండమీదివాళ్ళు రాశారు, మనం చదివాం," అనేవాడు. "ఈసారి మనం చెప్పేది వాళ్ళు రాస్తారు. రండి, నోరు విప్పండి. మన వీధి నిలబడాలంటే మనం చెప్పాలి."

అందరూ సరేనన్నారు, ఓడీలత్త తప్ప. ఆవిడ ఎమరీకి మేనత్త, మాకు రెండిళ్ళవతల ఉంటుంది. ఎనభై దాటాయి. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చింది, భర్తను ఆ ఇంట్లోంచే సాగనంపింది. ఇక తనను కూడా అక్కణ్ణుంచే తీసుకుపోవాలని ఫాదర్‌తో ముందే మాట్లాడి పెట్టుకుంది.

"మీటింగులకి నేను రానురా," అంది. "వాళ్ళు మనకి కాఫీ ఇస్తారు, మనం వాళ్ళకి వీధి ఇచ్చొస్తాం."

"అత్తా, ఆ రోజులు పోయాయి. ఇప్పుడు నువ్వు చెప్పిందే రాస్తారు. ఒక్క ముక్క మార్చరు."

"నేను చెప్పిందే?"

"నువ్వు చెప్పిందే."

"అయితే మఫిన్లు కూడా ఉంటాయా?"

"ఉంటాయత్తా."

"చూద్దాంలే." ఆవిడ నోట 'చూద్దాం' అంటే వస్తానని అర్థం. ఎమరీ ఇంటికొచ్చి, ముఖం వెలిగిపోతూ, "అత్త కూడా వస్తోంది!" అన్నాడు. ఆ వెలుగు చూసి నేను కూడా సంతోషించాను. అది దాచుకోవడం ఎందుకు.

ఒక శనివారం పొద్దున్న ఫైర్ స్టేషన్ హాల్లో జరిగింది ఆ సభ. ఫైరింజన్లను బయటికి తోసి, బల్లలు వేసి, ప్రతి బల్ల మీదా ఊరి పటం పరిచారు. ప్రణాళిక రాసిపెట్టడానికి బోస్టన్ నుంచి షెల్బీ అని ఒకమ్మాయి వచ్చింది. చురుకైన పిల్ల, మర్యాదస్తురాలు, మెడలో ఉన్ని స్కార్ఫు. ఆ అమ్మాయిని నేను చివరిదాకా ద్వేషించలేకపోయాను, అదొక ఇబ్బంది. గోడ మీద రూల్సు అంటించింది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు. ఎవరినీ వేలెత్తి చూపకూడదు. ఎవరి అనుభవం వాళ్ళే చెప్పాలి, పక్కవాళ్ళ స్థలం గురించి మాట్లాడకూడదు. ఈ చివరిది ఎమరీకి ప్రాణం. దాన్ని స్వయంగా పెద్దక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాడు. తగువులు అక్కడే మొదలవుతాయని అతని సిద్ధాంతం. ఎవరి పెరటి సంగతి వాళ్ళు చెప్పుకుంటే ఊళ్ళో గొడవే ఉండదట.

తర్వాత షెల్బీ అందరికీ అంటించే నీలం చుక్కలు పంచింది. "మీకు నీళ్ళతో ఇబ్బంది ఎక్కడుంటే అక్కడ పటం మీద ఒక చుక్క పెట్టండి. ఎన్నయినా పెట్టొచ్చు. మీకు తెలిసినంత మాకు తెలీదు. ఈ పటం మీదే," అంది.

ఇక్కడ మా వీధివాళ్ళ గురించి ఒక సంగతి చెప్పాలి. మాకు వరదంటే భయమే గానీ, భయం పక్కనే కాస్త గొప్ప కూడా ఉంటుంది. ప్రతి ఇంట్లో మెట్ల పక్క గోడ మీద ఏ వరద ఎంత ఎత్తుకొచ్చిందో గీతలుంటాయి. పక్కనే పిల్లల ఎత్తులు కొలిచిన గీతలు. ఓడీలత్త ఇంట్లో ఒక వరదకూ చిన్నప్పటి ఎమరీకీ ఒకటే ఎత్తు. మా వీధిలో ఇద్దరు కలిస్తే, మీ ఇంట్లోకి ఎంత వచ్చింది, మా ఇంట్లోకి అంతకన్నా ఎక్కువ వచ్చింది అని పోటీ. కొండమీదివాళ్ళు తమ మనవల మార్కులు చెప్పుకుంటారు, మేం నీటిమట్టాలు చెప్పుకుంటాం.

అలాంటివాళ్ళ చేతికి చుక్కలిచ్చి, ఎన్నయినా పెట్టుకోమంటే ఏమవుతుంది? మొన్నటి వరదకు పెట్టారు. దాని ముందుదానికి పెట్టారు. తాతల కాలంనాటి వరదకు తాతల పేరున పెట్టారు. చుక్కలు అయిపోతే ఇంకో కట్ట తెప్పించుకున్నారు. ఓడీలత్త అయితే తన ఇంటిమీద చోటు చాలక నది మధ్యలోకి అంటించింది.

"ఏమ్మా షెల్బీ," అంటూ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నీళ్ళు మా ఇంటికి చుట్టాల్లా వస్తుంటాయి. వచ్చేది ముందే తెలుస్తుంది, సామాను మేడెక్కిస్తాం. రెండ్రోజులుండి పోతాయి, మేం కడుక్కుంటాం. చుట్టాలొస్తున్నారని ఎవరైనా ఇల్లు పడగొట్టుకుంటారా?"

"ఎంత బాగా చెప్పారు!" అని షెల్బీ గబగబా రాసుకుంది. ఓడీలత్త మా అందరివైపూ చూసింది. ఆవిడ మాట ఎవరైనా రాసుకోవడం ఆవిడ జన్మలో అదే మొదలు.

కొండమీదివాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళు చుక్కలు చేతుల్లో పట్టుకుని మఫిన్లు తిన్నారు. వాళ్ళ ఇళ్ళ కింది గదుల్లోకి నీళ్ళు రావని కాదు. ఎమరీ వెళ్ళి ఎన్ని ఫర్నేసులు ఆరబెట్టి వచ్చాడో నాకు తెలుసు. కానీ పటం మీద చుక్క పడితే ఇల్లు అమ్మేటప్పుడు ధర పడిపోతుంది, ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్టణ బోర్డు అధ్యక్షుడు హోలిస్ ట్రెడ్‌వెల్ తన నీలం చుక్కల్ని జాగ్రత్తగా చొక్కాజేబులో పెట్టుకుని, పక్కబల్ల దగ్గరికి వెళ్ళి ఆకుపచ్చ చుక్కలు తీసుకున్నాడు. అవి మీకు ఊళ్ళో ఏం కావాలో చెప్పే చుక్కలు. ఆయనకు నది ఒడ్డున పార్కు కావాలట.

నేనొక్క చుక్కే పెట్టాను. మా ఇంటి మీద కాదు. కొండ మీద, మంచులో ఆడుకోవడానికొచ్చేవాళ్ళ కోసం కట్టిన లాడ్జి ముందు, కార్లు పెట్టుకునే తారుమైదానం మీద. ఆ స్థలం ఒకప్పుడు హోలిస్ వాళ్ళ మేపుల్ తోట. చెట్లు కొట్టి తారు పోశాక, గంటసేపు వాన పడితే చాలు, నది ఇంకా పొంగకముందే కొండమీది నీళ్ళు మురుగుకాలువ పట్టుకుని మా వీధిలోకి దిగిపోతున్నాయి. మా వీధిలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి. కానీ చుక్క ఎక్కడ పెట్టమన్నారు? ఇబ్బంది ఉన్నచోట. ఇబ్బంది బయల్దేరే చోట పెట్టమని ఎవరూ అనలేదు.

ఎమరీ చూశాడు. మెల్లగా నా పక్కకొచ్చి, "నోరీన్, నువ్వక్కడ ఉంటున్నావా?" అన్నాడు గుసగుసగా.

"లేదు. నీళ్ళుంటున్నాయి. మన ఇంటికి బయల్దేరేదాకా."

"రూలు తెలుసుగా. ఎవరి పెరడు గురించి వాళ్ళే."

"వాళ్ళ పెరడే ఎమరీ, మన వంటింట్లోకి వస్తోంది."

"హోలిస్ చూస్తే ఇది వేలెత్తి చూపడం అవుతుంది. వాళ్ళు లేచి వెళ్ళిపోతారు. సభంతా చెడుతుంది." అంటూ వేలిగోటితో ఆ చుక్కను ఒలిచేశాడు. ఒలిచి, ఎక్కడ పెట్టాలో తెలియక, కాసేపు వేలిమీదే ఉంచుకున్నాడు. చివరికి తీసుకెళ్ళి మా ఇంటిమీద అంటించాడు.

ఇంటికొస్తూ ఎంత సంతోషపడ్డాడో! "చూశావా, ఒక్క గొడవ లేదు," అన్నాడు. నిజమే, లేదు.

ఆకులు రాలే కాలానికి ప్రణాళిక ముసాయిదా గ్రంథాలయంలో పెట్టారు. వీధి వీధంతా కలిసి వెళ్ళాం, పెళ్ళిఫోటోలు చూడ్డానికి వెళ్ళినట్టు. చుక్కలన్నీ కంప్యూటర్లో పోసి రంగుల పటం చేశారు. చుక్కలు ఎక్కువున్న చోట ఎరుపు. మా వీధి ఉడికించిన బీట్‌రూట్‌లా ఉంది. కొండ మొత్తం లేత ఆకుపచ్చ, లాడ్జితో సహా. పక్కన వివరంగా రాశారు: టానరీ వీధి ఇళ్ళను ఊరు కొనేస్తుంది, పడగొట్టి ఆ స్థలం నదికి వదిలేస్తుంది, ఒడ్డున పార్కు వేస్తుంది. ఎవరైనా అమ్మం అంటే బలవంతం లేదు. కాకపోతే ఈసారి వరదకు రోడ్డు గానీ, మురుగుగొట్టం గానీ పోతే ఊరు మళ్ళీ వేయదు.

పైన ఒక పేజీనిండా పెద్దక్షరాలతో ఒక మాట. "నీళ్ళు మా ఇంటికి చుట్టాల్లా వస్తుంటాయి." కింద, "టానరీ వీధి నివాసి."

ఓడీలత్త కళ్ళజోడు సర్దుకుని చదివింది. మళ్ళీ చదివింది. "మిగతాదేదీ?" అంది.

"మిగతాది అంటే?" అంది అక్కడే నిలబడి ఉన్న షెల్బీ.

"నేను చెప్పిన మిగతా మాట. కడుక్కుంటామని చెప్పానే. ఇల్లు పడగొట్టుకుంటామా అని అడిగానే."

"అయ్యో, చోటు సరిపోలేదండీ. కానీ మీ మాట ఎంతమందిని కదిలించిందో! నిజానికి ఈ ప్రణాళికంతా మీరు చెప్పినదాన్ని బట్టే రాశాం. మీ వీధివాళ్ళు చెప్పినంత స్పష్టంగా ఊళ్ళో ఇంకెవరూ చెప్పలేదు." ఆ పిల్ల గొంతులో ఎగతాళి లేదు, అబద్ధం లేదు. మనస్ఫూర్తిగానే అంది. దానికే నాకు ఒళ్ళు మండింది.

అందరం ఎమరీవైపు చూశాం. ఎమరీ పటంవైపు చూశాడు.

"ఇది ముసాయిదానే," అన్నాడు. "అభిప్రాయాలు తీసుకుంటారు."

అభిప్రాయాలు పంపాం. కొండమీది తారుమైదానం సంగతి నేనే వివరంగా రాశాను. కాలేజీలో చదివిన చదువంతా కొన్నేళ్ళుగా పిండివంటల కొలతలకే వాడుతున్నాను కదా, ఇందుకైనా పనికొస్తుందనుకున్నాను. అందరికీ ఒకటే జవాబు: మీ అభిప్రాయం అందింది, మీరు పాల్గొన్నందుకు ధన్యవాదాలు. నాకు అదనంగా ఇంకో వాక్యం వచ్చింది. సభలో ప్రజలు గుర్తించని ప్రాంతాలు ఈ ప్రణాళిక పరిధిలోకి రావు.

ఆ ఉత్తరం ఎమరీ కంచం పక్కన పెట్టాను.

"చదివాను," అన్నాడు.

"ప్రజలు గుర్తించని ప్రాంతాలట. ఒక ప్రజ గుర్తించింది. నువ్వు గోటితో ఒలిచావు."

"ఒక్క చుక్కతో ఏం మారేది?"

"మారేది కాదేమో. కానీ ఒకటుంటే రెండోది పెట్టడానికి ఎవరికైనా ధైర్యం వచ్చేది. నువ్వు ఒలవడం మన వీధంతా చూసింది."

"నోరీన్, నేను మధ్యవర్తిని. నాకో పక్షం ఉండకూడదు."

"ఇల్లయితే ఉంది కదా. అది ఏ పక్షాన ఉందో చూసుకో."

"నేను రూల్సు పాటించాను. రూలు అందరికీ ఒకటే."

"అవును, అందరికీ ఒకటే. నీళ్ళు వదిలేవాడు తన పెరడు గురించి ఏం చెప్తాడు? బావుందంటాడు. మునిగేవాడు తన పెరడు గురించి చెప్తాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇక ఊళ్ళో మునిగిపోయిన తప్పు మన ఒక్కళ్ళదే."

ఎమరీ భోజనం సగంలో లేచాడు. ఆ చలికాలమంతా మా ఇంట్లో మాటలు వాతావరణం గురించీ ఉప్పు గురించీ మాత్రమే నడిచాయి. ఫ్రిజ్ మీది కాగితం అతనే పీకేశాడు. వీధిలో అతనికి ఎవరూ ఎదురు చెప్పలేదు, తిట్టలేదు. మా వీధివాళ్ళు అలా చేయరు. ఎదురుపడితే మంచు గురించి ఒక మాట అని, గబగబా నడుస్తారు. ఫర్నేసు చెడితే పక్క ఊరినుంచి మనిషిని పిలిపించుకున్నారు. అది ఎమరీకి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

ఓడీలత్త మాత్రం ఎమరీనే పిలిచింది. జనవరిలో ఒక మధ్యాహ్నం, చలికి కిటికీ అద్దాలు లోపలినుంచి గడ్డకట్టిన రోజు. నేను సూపు పట్టుకుని వెంట వెళ్ళాను. ఎమరీ కింది గదిలో ఫర్నేసు విప్పుకుని కూర్చున్నాడు. అత్త మెట్లమీద కుర్చీ వేయించుకుని, దుప్పటి కప్పుకుని పైనుంచి చూస్తూ కూర్చుంది. పక్కన గోడమీద గీతలు.

"కొత్త భాగం వేస్తున్నావురా?" అంది.

"అవునత్తా. పాతది అరిగిపోయింది."

"ఎందుకు? పడగొట్టే ఇంటికి?"

ఎమరీ పనిముట్టు కింద పెట్టలేదు. పని కూడా చేయలేదు.

"అమ్మమని ఎవరూ బలవంతం చేయరు అత్తా."

"రోడ్డు ఉండదు, దొడ్డినీళ్ళు పోవు, పక్కిళ్ళుండవు. బలవంతం లేదు. సరే గానీ ఒకటి అడుగుతాను, చెప్పు. నువ్వు శిక్షణకెళ్ళొచ్చావు కదా. నేను చుక్కలు పెట్టకుండా, ఆ హోలిస్‌లా జేబులో వేసుకుని మఫిన్ తింటూ కూర్చుంటే, ఇల్లు మిగిలేదా?"

ఫర్నేసు చల్లగా నోరు తెరుచుకుని ఉంది. ఎమరీ అందులోకి తల దూర్చి, తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు.

"అడుగుతున్నాను రా. అబద్ధం చెప్పుంటే ఇల్లు మిగిలేదా?"

"నాకు తెలీదత్తా."

"నీకు తెలుసు," అంది ఆవిడ, కోపం లేకుండానే. "నేను ఈ వయసులో ఒక్కసారి మీటింగుకి వెళ్ళి, ఒక్కసారి నిజం చెప్పాను. అదీ నువ్వు పిలిచావని." తర్వాత నావైపు తిరిగి, "సూపులో బఠాణీలు ఉడకలేదే," అంది. ఉడికాయి. మళ్ళీ పొయ్యిమీద పెట్టాను.

మార్చి మొదటి మంగళవారం ఊరిసభ. ఏటా అదే రోజు, బడి వ్యాయామశాలలో, మడత కుర్చీల్లో. వంతెన మరమ్మతు నుంచి కుక్కల లైసెన్సు దాకా అన్నీ ఊరే చేతులెత్తి, గొంతెత్తి తేలుస్తుంది. మధ్యలో బీన్సూ, హామ్ మాంసమూ, పై అనే తీపి వంటకంతో భోజనం. ముందు బల్ల దగ్గర బోర్డువాళ్ళు, వాళ్ళ పక్కనే ప్రణాళికా సంఘం తరఫున ఎమరీ. తనకున్న ఒకే ఒక్క మంచి కోటు వేసుకున్నాడు. నేను ఓడీలత్త పక్కన కూర్చున్నాను.

ప్రణాళిక ఆమోదం భోజనానికి ముందు అంశంగా పడింది. ఓడీలత్త లేచింది. మైకు ఆవిడ దగ్గరికి తెచ్చారు.

"నాకు మాట్లాడ్డం రాదు. నా మాట ఒకటి ఆ పుస్తకంలో వేశారు. సగమే వేశారు. మిగతా సగం కూడా వేస్తే నాకు అభ్యంతరం లేదు."

"ఓడీల్ గారూ," అన్నాడు హోలిస్ ట్రెడ్‌వెల్, ఎంతో గౌరవంగా. "మీ వీధి పడ్డ బాధ చూసి మా అందరికీ గుండె తరుక్కుపోయింది. మళ్ళీ మీరలాంటి బాధ పడకూడదనే ఇది. ఇది మేం రాసింది కాదండీ, మీరు చెప్పింది. చుక్కలు మీవే, మాటలు మీవే."

"నీళ్ళు మీవి," అన్నాను నేను, కూర్చునే.

కొందరు నవ్వారు. ఊరిసభ నడిపే మోడరేటర్ బల్లమీద కొట్టాడు. "నోరీన్, లేచి నిలబడి, పేరు చెప్పి మాట్లాడాలి."

లేచాను. "నోరీన్ పెల్కీ. టానరీ వీధి. కొండమీది నీళ్ళ సంగతి ఈ ప్లాన్‌లో ఎక్కడుంది?"

"ఫైర్ స్టేషన్ సభలో ఎవరూ ఆ ప్రాంతాన్ని గుర్తించలేదండీ," అన్నాడు హోలిస్. "కావాలంటే ఎమరీని అడగండి. సభ నడిపింది అతనే కదా."

హాలంతా ఎమరీవైపు తిరిగింది. నేను కూడా చూశాను, ఇంట్లో మాటలు ఆగిపోయాక అంత తిన్నగా చూడ్డం అదే మొదటిసారి. అతను నీళ్ళగ్లాసు అందుకున్నాడు. తాగాడు.

"చివరి పటంలో అక్కడ చుక్క లేదు," అన్నాడు.

అబద్ధం కాదు. ఓడీలత్త మెల్లగా కూర్చుంది.

ఓటింగు గొంతులతో జరిగింది. అనుకూలం అన్నవాళ్ళ గొంతు పైకప్పుకు తగిలింది. వ్యతిరేకం అన్నది మా వీధి మాత్రమే, మా వీధి ఎంతని. మోడరేటర్ ఆమోదం ప్రకటించాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, మావైపు చూసి, ఆపేశారు. భోజనానికి లేచారు. పార్కులో బెంచీలు ఏ రంగు వేయాలో హామ్ వరసలో నిలబడే మాట్లాడుకున్నారు. మా వీధి ఆడవాళ్ళు ఎప్పట్లాగే వంటింట్లో పైలు కోసి పెట్టారు. నేను కూడా కోశాను. చేతులు ఇంకేం చేస్తాయి? హోలిస్‌కి మేపుల్ పైలోంచి పెద్ద ముక్క పెట్టాను. ఉప్పు చల్లాలనిపించింది. చల్లలేదు. చల్లితే ఆ వంటకం చేసినావిడ బాధపడుతుంది.

ఎమరీ తినలేదు. కిటికీ దగ్గర ఒక్కడే నిలబడి, బయట కరుగుతున్న మంచు మురుగ్గా పోవడం చూస్తున్నాడు. ఒకరిద్దరు వచ్చి భుజం తట్టి, "ఎంత సాఫీగా నడిపించావయ్యా," అన్నారు. కొండమీదివాళ్ళు.

భోజనం తర్వాత మిగిలినవి చిన్న అంశాలు. సగం మంది అప్పటికే వెళ్ళిపోయారు. ఆఖర్న మోడరేటర్, "ఇతర విషయాలేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. అది అడిగేది సభ ముగించి లేవడానికే. అందరూ కోట్లలోకి చేతులు దూరుస్తున్నారు. ఓడీలత్త మఫ్లరు చుట్టుకుంటోంది.

"ఒకటుంది," అన్నాడు ఎమరీ.

"ప్రణాళిక గురించైతే ఆ అంశం మూసేశాం, ఎమరీ."

"మూసేశారని తెలుసు." లేచి నిలబడ్డాడు. పేరు చెప్పాలి కదా, చెప్పాడు. "ఎమరీ పెల్కీ. టానరీ వీధి." నీళ్ళగ్లాసు పక్కకు జరిపాడు. "ఆ రోజు కొండమీద ఒక చుక్క ఉంది. నా భార్య పెట్టింది. నేను తీసేశాను. తీసి మా ఇంటిమీద పెట్టాను. మిమ్మల్ని నొప్పించకూడదని తీశాను. పొద్దున్న అడిగినప్పుడు కూడా అందుకే చెప్పలేదు. మా వీధి తలుపు తలుపూ కొట్టి, రండి, మీరు నిజం చెప్పండి, మిగతాది నేను చూసుకుంటానన్నాను. మీ పెరడు గురించి మాత్రమే చెప్పండి అన్నాను. వాళ్ళు అలాగే చెప్పారు. నీళ్ళు ఎక్కడికొస్తాయో చెప్పించాను, ఎక్కణ్ణుంచొస్తాయో చెప్పనివ్వలేదు."

హోలిస్ టోపీ చేతిలో తిప్పుకుంటూ, "ఎమరీ, నువ్వేం తప్పు చేయలేదు. సభ అందరం కలిసి..." అన్నాడు.

"నన్ను చెప్పనీ హోలిస్. ఇందులో అడ్డు రాకూడదని కూడా రూలుంది."

మోడరేటర్ కాగితాలు తిరగేశాడు. పాపం ఆయనకు దీన్ని ఎక్కడ రాసుకోవాలో తెలియలేదు. "ఇది తీర్మానమా ఎమరీ? తీర్మానమైతే ఎవరైనా బలపరచాలి."

"తీర్మానం కాదు."

"మరేమిటి?"

ఎమరీ నోరు తెరిచి ఏదో అన్నాడు. మైకు ముందు బల్లమీదే ఉండిపోయింది. కుర్చీలు మడిచే చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

"గట్టిగా చెప్పరా," అంది ఓడీలత్త, మఫ్లరు ఒక చెవి మీదనుంచి తొలగించుకుంటూ. "ఇన్నాళ్ళూ మాచేత చెప్పించావు. ఇప్పుడు నువ్వు చెప్పు."

ఎమరీ బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి మైకు అందుకున్నాడు. అది ఒకసారి కీచుమంది. మడుస్తున్న కుర్చీలు ఆగాయి.

"తప్పు నాది," అన్నాడు. "నేను తప్పు చేశాను, అత్తా."